కిచెన్ రెనొవేషన్ కొటేషన్‌ను ఎలా చదవాలి: సంతకానికి ముందు చూసుకోవాల్సిన లెక్కలు

ఒకే వంటగదికి ముగ్గురు కాంట్రాక్టర్లను పిలిస్తే మూడు మొత్తాలు చెబుతారు. ఒకరు రూ.2.6 లక్షలు, ఇంకొకరు రూ.3.4 లక్షలు, మూడో ఆయన రూ.4.5 లక్షలు. చాలామంది మధ్య ఆయన్ని పట్టుకుని ఐదో పదో వేలు తగ్గించమని అడిగి పని అప్పజెప్పేస్తారు. చిక్కేమిటంటే ఆ మూడు మొత్తాలూ ఒకే పనికి వేసినవి కావు. ఒకరు మూలను రెండుసార్లు కొలిచి ఉంటారు. ఒకరు పాత టైల్స్ పగలగొట్టే ఖర్చు రాసి ఉండరు. ఒకరి లెక్కలో ప్లైవుడ్ రకమే వేరు. ముందు మూడింటినీ మీ కొలతల్లోకి, మీ జాబితాలోకి మార్చాలి. బేరం ఆ తర్వాతి సంగతి.

అపార్ట్‌మెంట్లలో తరచూ కనిపించే 10 × 8 అడుగుల వంటగదిని ఉదాహరణగా తీసుకుందాం. ఎల్ ఆకారంలో ప్లాట్‌ఫామ్, 2 అడుగుల వెడల్పు. ఒక గోడ 10 అడుగులు, రెండోది 8 అడుగులు. 8 అడుగుల గోడకు 4 అడుగుల కిటికీ, దాని కింద సింక్. ఇక్కడ రాసిన రేట్లు లెక్క అర్థం కావడానికి మాత్రమే. మీ ఊళ్లో ఈ వారం రేటెంతో రెండు షాపుల్లో అడిగి తెలుసుకోండి. హైదరాబాద్‌లో అయితే ట్రూప్ బజార్, రాణిగంజ్ వైపు ఒక పూట తిరిగితే హార్డ్‌వేర్, శానిటరీ సామాను ధరలు తెలిసిపోతాయి.

1. కొలతలు మీరే తీసుకోండి

కాంట్రాక్టర్ రాకముందే టేపు పట్టుకుని ఒక కాగితం మీద వంటగది గీసుకోండి. గోడల పొడవు నేల దగ్గర ఒకసారి, ప్లాట్‌ఫామ్ ఎత్తులో ఒకసారి కొలవండి. పాత ఫ్లాట్లలో ఈ రెండింటికీ అంగుళం, అంగుళంన్నర తేడా రావడం మామూలే. కిటికీ వెడల్పు, నేల నుంచి కిటికీ ఎంత ఎత్తులో మొదలవుతుంది, బీము ఎక్కడుంది, సింక్ నీళ్లు పోయే పైపు ఎక్కడుంది, కరెంటు డీబీ బాక్సు (ఇంటి ఎంసీబీ స్విచ్‌లన్నీ ఉండే పెట్టె) నుంచి వంటగదికి ఎంత దూరం, ఇవన్నీ రాసుకోండి.

పక్కనే మీకేం కావాలో కూడా రాయండి. ఎన్ని డ్రాయర్లు, ఎన్ని తలుపులు, ఏయే మెషీన్లు పెడతారు, ఏవి తర్వాత కొంటారు, పాత ప్లాట్‌ఫామ్ ఉంచాలా తీసేయాలా. ఇదే కాగితం జిరాక్స్ తీసి ముగ్గురికీ ఇవ్వండి. "ఎంతవుతుందో మీరే చెప్పండి" అని వదిలేస్తే ముగ్గురూ మూడు వేర్వేరు వంటగదులకు ధర చెబుతారు. త్రీడీ బొమ్మ చూసి మురిసిపోవడం కూడా ఈ దశలో వద్దు. ఆ బొమ్మలో కనిపించేవన్నీ కొటేషన్‌లో ఉండాలని రూలేం లేదు. ఫ్రిజ్, చిమ్నీ, లోపలి లైట్లు బొమ్మలో మెరుస్తుంటాయి, కాగితంలో ఉండవు.

2. మూల దగ్గర టేపు ఎలా పట్టారో చూడండి

కొటేషన్ మొత్తంలో ఎక్కువ తేడా వచ్చేది ఇక్కడే. మన ఉదాహరణలోని ఎల్ ఆకారానికి మూడు పొడవులు ఉన్నాయి, మూడూ నిజమే.

గోడ వెంట కొలిస్తే 10 + 8 = 18 అడుగులు. ప్లాట్‌ఫామ్ మీద రాయి ఎంత పడుతుందో చూస్తే, మూలలోని 2 అడుగుల చదరం ఒక్కసారే లెక్కకు రావాలి కాబట్టి 10 + 6 = 16 అడుగులు. ముందు వైపు, అంటే తలుపులు కనిపించే వైపు కొలిస్తే 8 + 6 = 14 అడుగులు.

ప్లాట్‌ఫామ్ పైన గోడకు వేసే డేడో టైల్స్‌కు 18 సరైన లెక్క. గ్రానైట్‌కు 16 సరైనది. కింది తలుపులకు 14. కొంతమంది అన్నిటికీ 18 వేసేస్తారు. వాళ్లంతా మోసగాళ్లని కాదు, చాలామందికి అది అలవాటైన పద్ధతి. కానీ డబ్బు పోయేది మీది.

ఎత్తుల్లోనూ ఇదే జరుగుతుంది. ప్లాట్‌ఫామ్ ఎత్తు నేల నుంచి 34 అంగుళాలు అనుకుంటే, కింద 4 అంగుళాల స్కర్టింగ్, పైన రాయి మందం, హ్యాండిల్ ప్రొఫైల్ ఖాళీ పోగా తలుపు ఎత్తు దాదాపు 28 అంగుళాలే. పై బాక్సుల దగ్గర చిమ్నీకి 2 అడుగులు, కిటికీకి 4 అడుగులు, మూలలో అడుగు తీసేస్తే మిగిలేది 8 + 3 = 11 అడుగులు.

ఇప్పుడు ఇద్దరి లెక్క పక్కపక్కన పెడదాం.

మొదటి ఆయన రేటు ఎస్‌ఎఫ్‌టీకి (చదరపు అడుగుకి) రూ.1,400. కింద 18 అడుగులు × 34 అంగుళాలు, అంటే 51 ఎస్‌ఎఫ్‌టీ. పైన 18 × 2.5 అడుగులు, 45 ఎస్‌ఎఫ్‌టీ. మొత్తం 96 × 1,400 = రూ.1,34,400.

రెండో ఆయన రేటు రూ.1,900. కింద 14 అడుగులు × 28 అంగుళాలు, 32.7 ఎస్‌ఎఫ్‌టీ. పైన 11 × 2 అడుగులు, 22 ఎస్‌ఎఫ్‌టీ. మొత్తం 54.7 × 1,900, దాదాపు రూ.1,04,000.

రేటు చూసి ఎంచుకునేవాళ్లు 1,400 ఆయన దగ్గరికే వెళ్తారు. ఆయన మొత్తాన్ని మీ 54.7 ఎస్‌ఎఫ్‌టీతో భాగిస్తే అసలు రేటు రూ.2,450 దాటుతుంది. కాబట్టి ఎవరు ఏ రేటు చెప్పినా పట్టించుకోకుండా, చెక్కపని మొత్తాన్ని మీరు కొలిచిన ముందుభాగం విస్తీర్ణంతో భాగించి చూడండి. రన్నింగ్ ఫీట్‌లో చెప్పినా, బాక్సు లెక్కన చెప్పినా ఇదే పద్ధతి.

కాంట్రాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటే: "ఫైనల్ బిల్లులో మూల ఒకసారా రెండుసార్లా? కిటికీ, చిమ్నీ ఖాళీ తీసేస్తారా లేదా?" జవాబును కొటేషన్ మీదే రాయించుకోండి. సింక్, హాబ్ (రాయిలో దింపి బిగించే పొయ్యి) కోసం రాయిలో కోసిన భాగం మాత్రం మామూలుగా ఎవరూ తీసేయరు. ఆ ముక్క ఎలాగూ వృథాయే, దాని గురించి పట్టుబట్టి లాభం లేదు.

3. చెక్కపని లైను విడగొట్టించండి

"కిచెన్ వుడ్‌వర్క్, 18 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లై, లంప్ సమ్ రూ.1,85,000." ఇలాంటి లైను మీద సంతకం పెట్టకండి. వాటర్‌ప్రూఫ్ అన్న మాటకు కాగితం మీద విలువ లేదు. ప్లైవుడ్‌కు గ్రేడ్ రాయాలి. ఐఎస్ 710 (భారత ప్రమాణం నంబరు) ఉంటే బీడబ్ల్యూపీ, అంటే మరిగే నీటికీ తట్టుకునే మెరైన్ గ్రేడ్. ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని కొంత తట్టుకునేది), ఎంఆర్ (తేమను మాత్రమే తట్టుకునేది) అని రెండున్నాయి. ఎంఆర్ గదిలో బీరువాలకు సరిపోతుంది, వంటగదిలో సింక్ కింద పెడితే ఉబ్బుతుంది. షీటు మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, లైసెన్స్ నడుస్తోందో లేదో కనిపిస్తుంది. షీట్లు కోయకముందే ఫోటో తీసి పెట్టుకోండి. కోసి లామినేట్ అతికించాక చూడడానికేం ఉండదు.

ఇంకా అనుమానముంటే కోతలో మిగిలిన అరచేతంత ముక్క అడిగి తీసుకుని నాలుగైదు గంటలు నీళ్లలో ఉడికించండి. ఐఎస్ 710 ప్రమాణం ప్రకారం 72 గంటలు ఉడికించినా పొరలు ఊడకూడదు. ఎంఆర్ ముక్కయితే మీ వంటింటి పరీక్షలోనే అంచుల దగ్గర విచ్చుకోవడం మొదలుపెడుతుంది.

మందం కొలవడం కూడా మర్చిపోవద్దు. 18 అని రాసి 16 మి.మీ. తేవడం ఈ పనిలో పాత పద్ధతే. చిన్న వెర్నియర్ కాలిపర్ ఉంటే క్షణంలో తేలిపోతుంది. బాక్సు వెనక పలక 6 మి.మీ. వేస్తారు, అది తప్పు కాదు. కానీ పై బాక్సులు గోడకు వేలాడేది ఆ పలక మీద కాకుండా, వెనక అడ్డంగా వేసిన 18 మి.మీ. పట్టీ మీద ఉండాలి. స్టీలు డబ్బాల్లో పప్పులు, బియ్యం నింపి పెట్టే ఇళ్లలో ఈ పట్టీ లేకపోతే బాక్సు ముందుకు వాలుతుంది.

తలుపులకు ఎండీఎఫ్, హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (చెక్క పీచు నొక్కి చేసే బోర్డులు) రాసి ఉంటే కంగారు పడక్కర్లేదు. యాక్రిలిక్, పీయూ (పాలియురెథేన్ పెయింట్) ఫినిష్‌కు నున్నగా ఉండే బోర్డు కావాలి, ప్లైవుడ్ మీద గతుకులు కనిపిస్తాయి. బాక్సులకు, ముఖ్యంగా సింక్ బాక్సుకు ప్లైవుడ్, తలుపులకు బోర్డు అన్నది సమంజసమైన కలయిక. పార్టికల్ బోర్డు మాత్రం మన వంటగదులకు పనికిరాదని మా గట్టి అభిప్రాయం. రోజూ నీళ్లు పోసి గట్టు కడిగే ఇళ్లలో అది రెండేళ్లు కూడా నిలబడదు.

షీట్ల సంఖ్య సరిచూడడం ఇలా. ఒక షీటు 8 × 4 అడుగులు, అంటే 32 ఎస్‌ఎఫ్‌టీ. 2 అడుగుల వెడల్పున్న కింది బాక్సుకు రెండు పక్కలు 9.6, అడుగు పలక 4, లోపలి అర పలక 4, తలుపు 4.7, కలిపి దాదాపు 22 ఎస్‌ఎఫ్‌టీ పడుతుంది. ముందు వైపు 14 అడుగులకు అలాంటివి ఏడు, అవి 155 దాకా. మూల బాక్సుకు ఇంకో 15. పై బాక్సులకు 11 అడుగులకు 77. మొత్తం 247 ఎస్‌ఎఫ్‌టీ, వృథా 15 శాతం కలిపితే 284. అంటే 9 షీట్లు. పది రాస్తే పర్వాలేదు. పదహారు రాస్తే ఏ ముక్క ఎక్కడికో గీసి చూపించమనండి. లేబర్ మీ కాంట్రాక్టర్‌ది, మెటీరియల్ మీది అన్న ఒప్పందంలో ఈ లెక్క మరీ అవసరం, మిగిలిన షీట్లు వేరే ఇంటికి వెళ్లిపోతుంటాయి.

ఒక చిన్న మెలిక. పాత కడప రాయి ప్లాట్‌ఫామ్, దాని కింద కడప రాయి అరలు ఉంచేస్తుంటే మీకు కావాల్సింది ఫ్రేమ్, తలుపులు మాత్రమే. బాక్సులుండవు. అప్పుడు ప్లైవుడ్ వాడకం సగానికి పైగా తగ్గిపోతుంది. కొటేషన్‌లో మాత్రం బాక్సుతో సహా వేసే రేటే ఉంటుంది. "ఫ్రేమ్, షట్టర్ మాత్రమే" అని రాయించి వేరే రేటు అడగండి.

హార్డ్‌వేర్ సంగతి: హింజ్‌లు ఎన్ని, సాఫ్ట్ క్లోజా కాదా, డ్రాయర్ చానళ్లు టెలిస్కోపిక్కా (పక్కల బిగించేవి) టాండెమా (డ్రాయర్ కింద దాగేవి), ఎంత పొడవు, కంపెనీ ఏది. హెట్టిక్, ఎబ్కో లాంటి పేరు రాసి పక్కన "లేదా సమానమైన బ్రాండ్" అని చేర్చి ఉంటే ఆ మూడు మాటలు కొట్టేయించండి. సమానం అనేది ఎవరు తేలుస్తారు? బుట్టలు, పుల్ అవుట్లు, మూల కారొసెల్ (మూల బాక్సులో గుండ్రంగా తిరిగే అర) చాలా కొటేషన్లలో "యాక్సెసరీస్ ఎక్స్‌ట్రా" అన్న ముక్కలో దాక్కుంటాయి. బాటిల్ పుల్ అవుట్, కారొసెల్, టాల్ యూనిట్ (నిలువెత్తు బీరువా) మూడూ కలిస్తే చెక్కపనిలో మూడో వంతు ఖర్చు కావచ్చు. వీటిని ఒక్కొక్కటిగా ధరతో రాయించండి. మూల కారొసెల్ అందరికీ అవసరమని మాకు అనిపించదు. అదే డబ్బుతో రెండు లోతైన డ్రాయర్లు పెట్టించుకుంటే రోజూ వాడతారు.

స్టీలు బుట్టలకు, సింక్‌కు 304 గ్రేడ్ అని రాయించాలి. దుకాణంలో అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోలేదు, 304" అంటారు. 202 గ్రేడ్ కూడా అయస్కాంతానికి అంటుకోదు, తుప్పు మాత్రం పడుతుంది. తేడా తెలియాలంటే బ్యాటరీతో వచ్చే చుక్కల టెస్టు కిట్ వాడాలి, లేదా బిల్లు మీద గ్రేడ్ రాయించుకోవాలి.

4. గ్రానైట్: రాయి కొలతా, బిగించిన కొలతా?

పరచాల్సింది 16 × 2 = 32 ఎస్‌ఎఫ్‌టీ. కానీ కటర్ సైజు (తక్కువ వెడల్పుతో కోసి అమ్మే) పలక వెడల్పు రెండున్నర అడుగులుంటే కొనాల్సింది 40 ఎస్‌ఎఫ్‌టీ. ఈ 8 ఎస్‌ఎఫ్‌టీ తేడా మీరు కట్టాల్సిందే, అందులో అన్యాయమేం లేదు. అయితే ఆ మిగిలిన ఆరంగుళాల పట్టీలు మీవే. వాటితో కిటికీ గడప, గుమ్మం పట్టీ వేయించుకోవచ్చు. రాయి మొత్తానికి డబ్బు తీసుకుని, మళ్లీ ఆ పట్టీలకు విడిగా రేటు వేస్తే అడగండి.

అంచు పాలిష్ రన్నింగ్ ఫీట్ లెక్కన ఉంటుంది. మన ఎల్‌కు ముందు అంచు 14 అడుగులు, బయటికి కనిపించే చివర ఉంటే మరో 2. సింక్ కటింగ్, హాబ్ కటింగ్, కుళాయి రంధ్రం ఒక్కోదానికి విడిగా చార్జీ. రాయి 8 లేదా 9 అడుగులే ఉంటే 10 అడుగుల గోడకు అతుకు తప్పదు. అది సింక్ దగ్గర గానీ, హాబ్ కోసే చోట గానీ రాకూడదు. కోసిన చోట రాయి ముందూ వెనకా రెండు మూడు అంగుళాలే మిగులుతుంది, అక్కడే అతుకు కూడా పడితే పగుళ్లు వస్తాయి.

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్ మనకు దగ్గరి రాళ్లే కాబట్టి రవాణా పేరుతో పెద్ద మొత్తం రాస్తే ఆలోచించండి. మచ్చ లేని నల్లరాయి తీసుకుంటుంటే అసిటోన్‌లో ముంచిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకు నలుపు అంటితే రంగు వేసిన రాయి, నిమ్మరసం, చింతపండు పులుసు పడ్డ చోటల్లా తెల్లబడుతుంది.

5. టైల్స్‌లో బేసిక్ రేటు

"ఫ్లోర్ టైల్స్, బేసిక్ రేటు రూ.60" అంటే మీరు ఎంచుకునే టైలు ధర ఎస్‌ఎఫ్‌టీకి 60 వరకే కొటేషన్‌లో కలిసి ఉందని అర్థం. షోరూంలో నచ్చేవి ఎక్కువ భాగం దానికి పైనే ఉంటాయి. 90 రూపాయలది తీసుకుంటే ఎస్‌ఎఫ్‌టీకి 30 చొప్పున మీ మీద పడుతుంది.

ఎంత పడుతుందో చూద్దాం. నేల 80 ఎస్‌ఎఫ్‌టీ, వృథా 10 శాతం కలిపితే 88. రెండడుగుల టైల్స్ పెట్టెలో నాలుగుంటాయి. దాన్ని 16 ఎస్‌ఎఫ్‌టీ అంటారు గానీ 600 మి.మీ. టైలు నాలుగు కలిపితే 15.5 ఎస్‌ఎఫ్‌టీయే. ఆరు పెట్టెలు కావాలి, 93 ఎస్‌ఎఫ్‌టీ. డేడో 18 × 2 = 36, వృథాతో 40. మొత్తం 133 × 30 = రూ.3,990, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.4,700. మొత్తం చిన్నదే. ఇలాంటివి సింక్, కుళాయి, హ్యాండిళ్ల దగ్గర కూడా ఉంటాయి, అన్నీ కలిపితే చిన్నది కాదు. కొటేషన్ మీద సంతకం పెట్టకముందే షోరూంకు వెళ్లి టైలు ఎంచుకుని అసలు ధరతో కొటేషన్ మార్పించుకోవడం మేలు.

కింది బాక్సుల అడుగున కూడా టైల్స్ వేస్తున్నారా అని అడగండి. 32 ఎస్‌ఎఫ్‌టీ మిగల్చాలని వదిలేస్తే అక్కడ తేమ చేరి చెక్క పాడవుతుంది. కీళ్లలో సిమెంటు గ్రౌటా, ఎపాక్సీ గ్రౌటా అన్నది రాయించండి. పొయ్యి వెనక గోడకు ఎపాక్సీయే ఉండాలి, నూనె మరకలు పీల్చదు.

6. నీళ్లు, కరెంటు

ఎలక్ట్రికల్ పనిని "పాయింట్" లెక్కన రాస్తారు. ఎన్ని పాయింట్లో చూడడం సగం పనే. వాటికి వెనక వైరు ఎక్కడి నుంచి వస్తోందన్నది అసలు ప్రశ్న. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 13 ఆంపియర్లు, 2 కిలోవాట్ల ఇండక్షన్ స్టవ్ 9, ఓటీజీ (కరెంటు ఓవెన్) ఇంకో 9 లాగుతాయి. మూడూ కలిస్తే 31. ఇవన్నీ ఒకే పాత వైరు మీద వేసి మూడు కొత్త సాకెట్లు పెడితే మూడు పాయింట్ల డబ్బు తీసుకున్నట్టే, కానీ ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతూనే ఉంటుంది. దాన్ని పెద్ద ఆంపియర్ల ఎంసీబీతో మార్చి "సెట్ అయిపోయింది" అనే ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. అప్పుడు వైరు లోపల వేడెక్కుతుంది, తెలిసేసరికి సాకెట్ నల్లబడి ఉంటుంది.

కొటేషన్‌లో ఉండాల్సిన మాటలు: డీబీ నుంచి వంటగదికి కనీసం రెండు, వీలైతే మూడు విడి పవర్ లైన్లు, ఒక్కోదానికి 4 చదరపు మి.మీ. రాగి వైరు, విడి ఎంసీబీ, ఎర్త్ వైరు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసి షాక్ నుంచి కాపాడే స్విచ్). ఆ వైరు లాగే పొడవును ఎలా లెక్కిస్తారో కూడా అడగండి. డీబీ హాల్లో ఉంటే ఒక్కో లైనుకు 40 అడుగులు దాటవచ్చు.

ప్లంబింగ్‌లో కొత్త పైపు సీపీవీసీ, యాంగిల్ కాక్‌లు ఎన్ని, ఆర్‌వోకు నీళ్లు, ఆర్‌వో నుంచి వృథా నీళ్లు పోయే దారి, డిష్‌వాషర్‌కు ఇన్‌లెట్, డ్రెయిన్. డిష్‌వాషర్ ఇప్పుడు కొనకపోయినా పాయింట్ మాత్రం ఇప్పుడే పెట్టించండి, తర్వాతైతే టైల్స్ పగలగొట్టాలి. పైపులు మూసేముందు ప్రెషర్ పెట్టి రాత్రంతా ఉంచాలని ఒక లైను రాయించండి. దీనికి ఖర్చేం ఉండదు. ఈ లైను రాయడానికి వెనకాడే ప్లంబర్ గురించి ఆలోచించాల్సిందే. కింది ఫ్లాట్ సీలింగ్‌లో మచ్చ వచ్చాక ఆ ఖర్చు ఎవరిదన్న గొడవ మీ తలకే చుట్టుకుంటుంది.

ఫ్లాట్ ఇరవై ఏళ్లు దాటిందైతే గోడలో జీఐ (జింక్ పూసిన ఇనుప) పైపులు ఉండే అవకాశం ఎక్కువ. టైల్స్ చిప్పింగ్ చేసేటప్పుడు తుప్పుపట్టిన కీళ్లు కదిలి లీకవుతాయి. ఆ పైపు మార్పు కొటేషన్‌లో ఉందా, లేకపోతే అడుగుకు ఎంత అన్నది ముందే తేల్చుకోండి.

7. కాగితంలో లేనివి వెతకండి

ఉన్న లైన్లకంటే లేని లైన్లే చివర్లో బడ్జెట్ పెంచుతాయి. తరచూ తప్పిపోయేవి ఇవి.

- పాత టైల్స్, ప్లాట్‌ఫామ్, చెక్క తీయడం, రబ్బిష్ సంచుల్లో కిందికి దించడం, బండిలో తీసుకెళ్లడం. "డిమాలిషన్" అని రాసి ఉంటే పగలగొట్టడం వరకే, తీసుకెళ్లడం కాదు అనేవాళ్లున్నారు. హైదరాబాద్‌లో నిర్మాణ వ్యర్థాలకు జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ప్లాంట్లున్నాయి. చెరువు గట్టునో ఖాళీ స్థలంలోనో పారబోసి జరిమానా పడితే అది ఎవరు కట్టాలో కూడా రాసుకోవాలి.
- చిప్పింగ్ తర్వాత గోడ ప్లాస్టరింగ్ సరిచేయడం, పుట్టీ, వంటగది సీలింగ్ పెయింట్.
- చిమ్నీ పైపు కోసం గోడకు 6 అంగుళాల కోర్ కటింగ్. కంపెనీ వాళ్లు చిమ్నీ బిగిస్తారు గానీ గోడకు రంధ్రం కొట్టరు, కొన్ని అడుగులకు మించిన డక్ట్‌కు విడిగా తీసుకుంటారు. బీముకు రంధ్రం కొట్టనివ్వకండి.
- గ్యాస్ పైపు జరపడం. పైప్‌లైన్ గ్యాస్ ఉన్న ఇళ్లలో ఆ పని గ్యాస్ కంపెనీ మనిషే చేయాలి, కాంట్రాక్టర్ కాదు.
- అపార్ట్‌మెంట్ అసోసియేషన్ డిపాజిట్, లిఫ్ట్ వాడకం, పని వేళల నిబంధన. పగలు కొన్ని గంటలే శబ్దం చేయనిస్తే లేబర్ రోజులు పెరుగుతాయి.
- చెదల మందు, మిగతా ఇంటికి దుమ్ము రాకుండా ప్లాస్టిక్ కట్టడం, చివరి శుభ్రం.

ఇక "ఎట్ యాక్చువల్స్" (అయినంత ఖర్చు) అన్న మాట ఎక్కడున్నా దాని పక్కన గరిష్ఠ మొత్తం రాయించండి.

8. జీఎస్టీ, లాభం

అడుగున "జీఎస్టీ ఎక్స్‌ట్రా" అని చిన్నగా ఉంటే మొత్తం మీద 18 శాతం పెరుగుతుంది. మూడు లక్షలకు 54 వేలు. జీఎస్టీ వసూలు చేసేవాళ్లకు 15 అక్షరాల జీఎస్టీ నంబరుండాలి. తెలంగాణలో నమోదైతే 36తో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే పేరు, నమోదు నడుస్తోందా లేదా కనిపిస్తాయి. నంబరు లేని మేస్త్రీ జీఎస్టీ అడిగితే ఇవ్వకండి, నమోదు లేనివాళ్లు పన్ను వసూలు చేయకూడదు. ఒకరు పన్నుతో, ఒకరు పన్ను లేకుండా ఇచ్చిన మొత్తాలను నేరుగా పోల్చడమూ కుదరదు.

కాంట్రాక్టర్ లాభం గురించి ఒక మాట. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, కార్పెంటర్, టైల్స్ మేస్త్రీ నలుగురినీ సమయానికి రప్పించి, ఒకరి పని మీద ఇంకొకరు కాలు పెట్టకుండా చూడడానికి 10 నుంచి 20 శాతం తీసుకోవడం న్యాయమే. "మా సూపర్‌విజన్ 15 శాతం" అని తెరిచి రాసే మనిషి, లాభం సున్నా అని చెప్పి ప్రతి లైనులో కొంచెం కొంచెం కలిపే మనిషికంటే నయం. మిగతా ఇద్దరికంటే బాగా తక్కువకు చేస్తానన్న మనిషి ఆ తేడాను ఎక్స్‌ట్రాల్లో రాబట్టుకుంటాడు, లేదా సగంలో వదిలి వెళ్తాడు.

9. ఒకే పట్టికలో పెట్టి చూడండి

పుస్తకంలో ఎడమ వైపు మీ జాబితా రాయండి: పగలగొట్టడం, రబ్బిష్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, టైల్స్ మెటీరియల్, టైల్స్ లేబర్, గ్రానైట్, కింది బాక్సులు, పై బాక్సులు, యాక్సెసరీస్, పెయింట్, పన్ను. పక్కన ముగ్గురికీ మూడు గళ్లు. కొటేషన్‌లో లేని గడిలో సున్నా పెట్టకండి, మిగతా ఇద్దరిలో ఎక్కువ చెప్పినవాళ్ల మొత్తం పెట్టండి. తర్వాత కూడితే 2.6 లక్షల కొటేషన్ మూడున్నర దగ్గరికి చేరడం చూస్తారు. అప్పుడు ఒక్కొక్కరికీ వాళ్ల ఖాళీ గళ్లు మాత్రమే చూపించి ధర అడగండి. అవతలివాళ్ల కొటేషన్ చూపించకండి.

ఈ మొత్తం మీద కొత్త ఫ్లాట్‌కు 10 శాతం, పాతదానికి 15 నుంచి 20 శాతం విడిగా పక్కన పెట్టుకోండి. ఆ సంగతి కాంట్రాక్టర్‌కు చెప్పక్కర్లేదు.

10. డబ్బు ఎప్పుడెప్పుడు

ఇంటి దగ్గరే చేసే పనికి అడ్వాన్స్ 15, 20 శాతం దాటనివ్వకండి. ఆ తర్వాత వాయిదాలు తేదీలతో కాకుండా పనితో ముడిపెట్టండి: పైపులు, వైర్లు పూర్తయి ప్రెషర్ టెస్ట్ అయ్యాక ఒకటి, టైల్స్, గ్రానైట్ అయ్యాక ఒకటి, బాక్సులు బిగించాక ఒకటి, తలుపులు, హార్డ్‌వేర్ అయ్యాక ఒకటి. చివరి 10 శాతం రెండు మూడు వారాలు వాడి చూశాకే. తలుపులు కిందికి జారడం, సింక్ కింద చెమ్మ, డ్రాయర్ రుద్దుకోవడం లాంటివి మొదటి వారాల్లోనే బయటపడతాయి. ఫ్యాక్టరీలో తయారయ్యే మాడ్యులర్ కిచెన్ వాళ్లు ఆర్డర్‌తో సగం, పంపేముందు మిగతాదంతా అడుగుతారు. వాళ్ల దగ్గరైనా 10 శాతం బిగించాక ఇచ్చేలా మాట్లాడుకోండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. పంపేముందు డబ్బు కట్టేరోజున ఫ్యాక్టరీకి వెళ్లి ఒక బాక్సు అంచు, మందం చూసి రావడం మంచిది.

ఎక్స్‌ట్రా పనికి నియమం ఒకటే పెట్టుకోండి. ఏ పని, ఎంత, రేటెంత అన్నది వాట్సాప్‌లో వచ్చాక, మీరు "ఓకే" అని కొట్టాకే మొదలుపెట్టాలి. నోటిమాట మీద చేసిన ఎక్స్‌ట్రాకు డబ్బు ఉండదని ఒప్పందంలోనే రాసుకోండి.

ఫైనల్ బిల్లు వచ్చినప్పుడు కొటేషన్ కొలతలకు కాక, బిగించిన కొలతలకు కట్టాలి. కాంట్రాక్టర్‌ను కూర్చోబెట్టుకుని టేపుతో మళ్లీ కొలవండి, ఇద్దరూ ఆ కాగితం మీద సంతకం పెట్టండి. విప్పని టైల్స్ పెట్టెలు మిగిలితే షాపు వాళ్లు వెనక్కి తీసుకుంటారేమో కొనేటప్పుడే అడిగి ఉంచండి. అన్నీ ఇచ్చేయకుండా నేలవి ఒక పెట్టె, డేడోవి నాలుగైదు టైల్స్ అటక మీద పెట్టుకోండి. తర్వాత ఒకటి పగిలితే అదే షేడ్ బ్యాచ్ షాపులో దొరకదు.